గూడుబండి కొలతలు

ప్రభుత్వ కార్యాలయాల్లో 'క్యాంపు' అన్న మాటకు ఒక ప్రత్యేకార్థం ఉన్నది. అధికారి పర్యటనలో ఉంటే 'అయ్యగారు క్యాంపులో ఉన్నారు' అంటారు. డేరాలు పోయినవి, గుర్రాలు పోయినవి, మాట మాత్రం మిగిలింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్ని క్యాంపులు చేశానో ప్రయాణభత్యం బిల్లులే చెప్పాలి. అయితే కుటుంబమంతా కలసి సెలవులకు వెళ్ళడానికి ఎంత పెద్ద బండి కావాలి అన్న ప్రశ్న మాత్రం కొన్నేళ్ళపాటు మా ఇంట్లో తేలని ఫైలుగానే ఉండిపోయింది. దానిమీద ప్రతి ఒక్కరూ తలొక నోటు రాశారు. ఆ ఫైలు కథే ఇది.

మొదటి బండి చాలా చిన్నది. 2019లో తయారీ ఆగిపోయిన మారుతీ ఓమ్ని వ్యాను ఒకటి మా దగ్గర ఉండేది. 2021లో, కోవిడ్ రెండో ఉధృతి తగ్గిన తరువాత కూడా హోటళ్ళలో దిగడానికి జంకుతున్న రోజుల్లో, దానిలోనే పడుకోవచ్చు గదా అని నా భార్యకు తోచింది. వెనుక సీటు ఎత్తుకు సరిపోయే చెక్కబల్ల ఒకటి వడ్రంగి చేత చేయించాము. ఆ బల్లను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసివేయవచ్చు. బండిలో ఒక్క మేకు కూడా దిగగొట్టలేదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిపరచింది. ప్రభుత్వోద్యోగి అయినవాడు ముందు సెక్షను చదివి, తరువాత వడ్రంగిని పిలవవలసి ఉంటుంది.

ఆ బల్లమీద నా భార్య, పిల్లలిద్దరూ సర్దుకుని పడుకునేవారు. నేను బయట, టార్పాలిన్ కింద మడతమంచం మీద పడుకునేవాణ్ణి. ఈ విధంగా నాగార్జునసాగర్ చూశాము, బీదరు కోట చూశాము, వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో రెండు రాత్రులు గడిపాము. పిల్లలు ఎదుగుతున్నారు, బల్ల ఎదగదు. అనంతగిరిలో మా అబ్బాయి నిద్రలో అక్క ముఖం మీద కాలు వేసిన రాత్రే 'పెద్ద బండి' అన్న మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది.

ఆ మూడు ప్రయాణాలకూ మా అమ్మ రాలేదు. 'ఇల్లెవరు చూస్తారు నాయనా, మీరు వెళ్ళిరండి' అనేది. ఆమెకు ప్రయాణాలంటే ఇష్టం లేదని మేము అనుకున్నాము. అలా అనుకోవడం మాకు సౌకర్యంగా కూడా ఉండేది.

2023 వేసవిలో నరసరావుపేటలో బంధువుల ఇంట పెళ్ళి. హైదరాబాదు నుంచి తెల్లవారుజామున కారులో బయలుదేరి మధ్యాహ్నానికి చేరాము. విడిది గుమ్మం ముందే అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఊళ్ళోని డాక్టరుగారు వచ్చి చూసి, ఒంట్లో నీరు లేదు, మరేమీ కాదన్నారు. సెలైను ఎక్కుతుండగా మా అమ్మాయి మంచం పక్కన కూర్చుని నాయనమ్మ చేత నిజం చెప్పించింది. ఆమె ముందునాటి రాత్రి నుంచి చుక్క నీరు ముట్టలేదు. 'దారిలో ఎక్కడ దిగమంటావే?' అన్నదట. మోకాళ్ళు వంగవు. దారిలోని మరుగుదొడ్లలో ఎక్కువ భాగం వంగి కూర్చోవలసినవే. శుభ్రత సంగతి చెప్పనక్కరలేదు. ఇది ఆనాటి సంగతి మాత్రమే కాదు. పెళ్ళయిన నాటి నుంచీ, ఏ బస్సు ఎక్కవలసి వచ్చినా ముందురోజు రాత్రే నీళ్ళు మానివేయడం ఆమెకు అలవాటు. మా నాన్నగారికి ఈ సంగతి తెలుసో తెలియదో. నాకు మాత్రం నలభై అయిదేళ్ళ వయసులో తెలిసింది. అప్పటికి పారిశుద్ధ్య పథకాల ఫైళ్ళ మీద కనీసం నాలుగేళ్ళు నోట్లు రాసిన అనుభవం నాకున్నది.

ఆ తరువాత పెద్ద బండి అంటే పిల్లల పక్కల మాట కాకుండా పోయింది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి. ఏ చిక్కు వచ్చినా వెనక్కు తిరిగి చూడడం అలవాటు. అప్పుడప్పుడు అది పని తప్పించుకునే మార్గం కూడా. ఇంటిని వెంట తీసుకుపోవడం ఈ దేశానికి కొత్త కాదు. మకాం, మజిలీ, బస, విడిది అంటూ ఆగే చోటుకు తెలుగులో ఎన్ని మాటలున్నవో చూడండి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో మజిలీ మజిలీకీ ఒక కథ పుడుతుంది. మొగలు పాదుషాల బసకు డేరాలు రెండు జతలుండేవని, ఒక జతలో పాదుషా ఉండగానే రెండవ జత ముందు మజిలీకి పోయి సిద్ధంగా ఉండేదని, 1664లో ఔరంగజేబు కాశ్మీర ప్రయాణాన్ని అనుసరించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే వర్ణించాడు. అదే ఔరంగజేబు 1681లో దక్కనుకు దిగి, 1687లో గోలకొండను పట్టుకుని కూడా, 1707లో అహ్మద్‌నగర్ దగ్గర కన్నుమూసే వరకు తిరిగి ఢిల్లీ ముఖం చూడలేదు. కదిలే నగరం వంటి ఆ దండు కదలడమే ఒక పెద్ద పని. తేలిక గుర్రాల మీద తిరిగే మరాఠాలకు ఆ బాధ లేదు. బండి పొడవును గురించి ఆలోచించేవారు ఈ చరిత్రను ఒకసారి మననం చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మన తెలుగువారికి మరింత దగ్గర సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యగారిది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న ఇంటి స్త్రీలను, పరివారాన్ని వెంటబెట్టుకుని, దాదాపు నూరుమందితో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారిలో శ్రీశైలం కూడా చూశారు. 1838లో అచ్చయిన ఆ యాత్రాచరిత్రను నేను ఎం.ఏ. చదివే రోజుల్లో పన్నుల వివరాల కోసం, దారుల వివరాల కోసం చదివాను. అమ్మ నరసరావుపేటలో పడిపోయిన తరువాత మళ్ళీ తీసి, ఈసారి ఆడవారు ఎలా ప్రయాణం చేశారన్న దృష్టితో చదివాను. పల్లకీలు, బోయీలు, మజిలీ మజిలీకీ బసలు. వెళ్ళవలసినవారిని ఇంట్లో వదలిపెట్టకుండా తీసుకువెళ్ళారు, సరే. కాని ఆ బరువంతా మోసినది బోయీల భుజాలు. ఆ రెండవ సంగతి అప్పుడు నా తలకు ఎక్కలేదు.

ఇక మన తరంవారు కళ్ళారా చూసిన మొదటి నడిచే ఇల్లు 1982 నాటి చైతన్యరథం. పాత షెవర్లే వ్యానును మార్పించి, దానిలోనే పడుకుంటూ, దారిపక్కనే స్నానం చేస్తూ, నందమూరి తారక రామారావుగారు రాష్ట్రమంతా తిరిగారు. దానిని చూడడానికి మా ఊరి జనమంతా రోడ్డెక్కారని అమ్మ చెబుతుంది. నేను అప్పుడు ఆమె చంకలో ఉన్నానట.

అమ్మకు మాత్రం ఇవేవీ గుర్తుకు రాలేదు. 'మా చిన్నప్పుడు గూడుబండి ఉండేది గదరా' అన్నది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పల్నాటి పల్లెల నుంచి బండ్లు బారులు తీరేవి. అడుగున గడ్డి పరచి, దానిమీద జంపఖానా వేసి, పైన వెదురు తడికలతో గూడు కట్టేవారు. ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు లోపల. కుర్రకారు ప్రభల వెంట నడక. 'ఆడవాళ్ళకు అవసరమయితే బండ్లు ఆపి, చీరెలు అడ్డం కట్టేవాళ్ళు. తొందరపెట్టే మగవాడే లేడు' అన్నది అమ్మ. కారు వచ్చిన తరువాత తొందరపెట్టే మగవాణ్ణి నేనే.

నగర శివార్లలో బస్సులకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉన్నది. నిద్రకు, వంటకు, స్నానానికి వీలుగా ఉండే బండ్లను కూడా అక్కడ కడతారు, అద్దెకు కూడా ఇస్తారు. 2024 దసరా సెలవుల్లో అందరమూ కలసి వెళ్ళాము. మేస్త్రీ యాభై దాటిన మనిషి. మూడు బండ్లు చూపించాడు. మొదటిది పికప్ బండి మీద గూడు అమర్చినది. పక్కలు డ్రైవరు నెత్తిమీద ఉంటాయి, నిచ్చెనెక్కి పడుకోవాలి. మా అబ్బాయి వెంటనే ఎక్కి దిగనన్నాడు. (మన రోడ్ల మీద బొలెరో క్యాంపర్ అని ఒక బండి తిరుగుతుంటుంది. పేరులో క్యాంపు ఉన్నదే కాని దానిలో పడుకోవాలంటే సామాను వేసే తొట్టే గతి.) రెండవది టెంపో ట్రావెలర్ మీద కట్టినది. మూడవది బస్సు చట్రం మీద కట్టిన తొమ్మిది మీటర్ల భవనం.

ఆ మూడవ దానిలో లేనిది లేదు. రెండు ఏసీలు, టీవీ, బట్టలుతికే యంత్రం, నిలువెత్తు ఫ్రిజ్, స్నానానికి అద్దాల గది. పిల్లలు పరవశించిపోయారు. నేను కూడా డ్రైవరు సీట్లో కూర్చుని చుట్టూ చూశాను. కొంతకాలం అధికారం చేసినవాడికి పెద్ద బండి మీద మోజు ఉండదనడం అబద్ధం. లోపలి నుంచే 'అమ్మా, లోపలికి రా' అని కేకవేశాను. జవాబు రాలేదు. తలుపు దగ్గరకు వచ్చి చూశాను. అమ్మ మొదటి మెట్టు ముందు నిలబడి ఉన్నది. ఆ మెట్టు ఆమె మోకాలి ఎత్తున ఉన్నది. ఆమె నావైపు చూసి నవ్వి, కొంగు సర్దుకుని, పక్కకు జరిగింది. 'మీరు చూసిరండి నాయనా, నేనిక్కడ కూర్చుంటాను' అన్నది.

మూడేళ్ళుగా ఇంటి గుమ్మంలో విన్న మాటే. ఈసారి బండి ముందు నిలబడి అన్నది గనుక నాకు వినబడింది.

నేను దిగివచ్చాను. మేస్త్రీ నా ముఖం చూసి ఏమనుకున్నాడో గాని, తనంతట తానే ఆ బండి లోట్లు చెప్పసాగాడు. 'సార్, లోపట ఏమున్నదని చూస్తరు గని, రోడ్డు మీద తిప్పేది చూడాలె' అన్నాడు. వెనుక చక్రాల తరువాత మిగిలే పొడవు మలుపులో బయటివైపుకు ఊడ్చుకుపోతుంది. శ్రీశైలం ఘాటు వంటి చోట ఎదుటి బండికి దారి ఉండదు. ఎత్తు ఎక్కువ గనుక పల్లెల్లో చింతకొమ్మలు, వేలాడే కరెంటు తీగలు, రైలుకట్టల కింది దారులు, అన్నీ అడ్డమే. బరువు పెరిగిన కొద్దీ లైసెన్సు చిక్కు. మొత్తం బరువు 7,500 కిలోలకు లోపు ఉన్నంతవరకు మామూలు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మేము షెడ్డుకు వెళ్ళిన నాటికి ఆ తీర్పు ఇంకా రాలేదు. ఏమైనా ఆ భవనానికి బస్సులు నడిపే డ్రైవరే కావాలి.

ట్రావెలర్ దగ్గర మేస్త్రీ ఒక చెక్కపెట్టె తెచ్చి మెట్టు ముందు వేశాడు. అమ్మ ఒక చేత్తో కమ్మీని, రెండవ చేత్తో మనుమరాలిని పట్టుకుని ఎక్కింది. లోపల నిలబడితే తల తగలలేదు. స్నానాలగది తలుపు తీసి, లోపలికి వెళ్ళి, ఒకసారి చుట్టూ తిరిగి, బయటకు వచ్చింది. ఏమీ అనలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని గడియ పెట్టి చూసింది. మా అమ్మాయి నోటుపుస్తకం తీసి కొలతలు రాయడం మొదలుపెట్టింది. మెట్టు ఎత్తు పద్నాలుగు అంగుళాలు, ఉండవలసింది తొమ్మిది. తలుపు వెడల్పు ఇరవై రెండు. కమ్మీ కుడివైపున ఒకటే ఉన్నది, ఎడమవైపున కూడా కావాలి.

అసలు వాదం వంటగట్టు దగ్గర వచ్చింది. మేస్త్రీ దానిని ఎంతో ముచ్చటపడి కట్టాడు. రెండు పొయ్యిలు, తొట్టి, సామానుకు అరలు. నా భార్య చేతులు కట్టుకుని చూసి, 'ఇంట్లో వంట, దారిలోనూ వంటేనా? సెలవులు నాక్కూడా సెలవులే గదా' అన్నది. నేను నిరుత్తరుణ్ణి. వంటగట్టులో రెండు అడుగులు తగ్గించి స్నానాలగదిలో కలపమని ఆమె సూచన. కాఫీకి ఒక పొయ్యి చాలు. మేస్త్రీ టేపు పట్టి కొలిచి, 'అమ్మగారు చెప్పింది కరెక్టే సార్' అన్నాడు. పెద్ద బండి కొనకుండానే ఆ విధంగా బండి పెద్దదయింది.

తక్కిన లెక్కలు తొందరగానే తేలినవి. లీటరు నీరంటే కిలో బరువు, కనుక నూరు లీటర్ల తొట్టి నిండితే ఒక మనిషిని మించిన బరువు. అయిదుగురికి అది ఒకరోజు వాడకం కూడా కాదు. 12 వోల్టుల, నూరు ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-గంటలు, దానిలోనూ సగానికి మించి వాడితే బ్యాటరీ తొందరగా దెబ్బతింటుంది. ఏసీ నడపడానికి అది అరగంట మాట. చలికాలంలో వెళదాము, ఏసీ వద్దు అనుకున్నాము. ఇటువంటి బండ్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉన్నది. దానిని కాదని ఇష్టం వచ్చినట్లు కట్టిస్తే రిజిస్ట్రేషను దగ్గర ఆగిపోతుంది. ఇక నావంటి కేంద్ర ఉద్యోగి రెండు నెలల మూలవేతనాన్ని మించిన వస్తువు కొంటే పై అధికారులకు తెలియజేయాలి. అందువల్ల ముందు ఆ ట్రావెలర్‌నే ఆరు రోజులు అద్దెకు తీసుకుని చూద్దామని నిర్ణయమయింది. సెలవు ప్రయాణ రాయితీ నిబంధనలు ప్రైవేటు అద్దె బండికి పైసా ఇవ్వవు. టిక్కెట్టు లేని ప్రయాణం ప్రయాణం కాదని ఆర్థికశాఖ నమ్మకం.

బయలుదేరే ముందు అమ్మ ఒకే ఒక ప్రశ్న వేసింది. ఆ మరుగుదొడ్డి కింద ఇరవై లీటర్ల పెట్టె ఒకటి ఉంటుంది. నిండిన తరువాత బయటికి లాగి ఖాళీ చేయాలి. విదేశాల్లో దానికి ప్రత్యేకమైన చోట్లుంటాయి. మన దారుల్లో అటువంటివి కనబడవు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది గాని, శ్రీశైలం దారిలో దానివల్ల మాకు ఒరిగేదేమీ లేదు. ఇదంతా నేను వివరించబోతుండగా అమ్మ అడ్డుకుని, 'అది సరేరా, దాన్ని ఎవరు ఎత్తిపోస్తారు?' అన్నది.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం నాకు కంఠస్థం. అయినా ఆ ప్రశ్న నాకు ముందుగా తట్టలేదు. వీరాస్వామయ్యగారి బోయీలు నాకు అప్పుడు గుర్తుకు వచ్చారు. 'నేనే' అన్నాను. అమ్మ నమ్మినట్లు కనబడలేదు.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో బయలుదేరాము. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. నల్లమలలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి పడుకోవడమన్నది లేదు, ఉండకూడదు కూడా. పగలే అడవి దాటి శ్రీశైలంలో ఒక సత్రం ఆవరణలో అనుమతి తీసుకుని బండి నిలిపాము. దర్శనం బాగా జరిగింది.

మర్నాడు ఉదయం పెట్టె నిండినట్లు ఎర్రదీపం వెలిగింది. సత్రం మరుగుదొడ్లకు సెప్టిక్ ట్యాంకు ఉన్నది, అక్కడ ఖాళీ చేసుకోవచ్చని మేనేజరు ఒప్పుకున్నాడు. 'మీరెందుకు సార్, కుర్రాణ్ణి పిలుస్తాను, వంద రూపాయలిస్తే చాలు' అని కూడా అన్నాడు. నా చెయ్యి జేబు దగ్గరకు వెళ్ళిన మాట నిజం. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని నావైపే చూస్తున్నది. 'వద్దు బాబూ, మా అబ్బాయి తీస్తాడు' అని ఆమె మేనేజరుతో అన్నది.

పెట్టెను రెండు చేతులతో పట్టుకుని ఆ ఆవరణ అంతా నడిచాను. దాదాపు అరవై అడుగులు. యాత్రికులు పళ్ళు తోముకుంటూ చూశారు. నన్ను ఎరిగినవారెవరూ లేరు. ఉంటే నా నడక ఎలా ఉండేదో చెప్పలేను. మా అబ్బాయి రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి పోశాడు, ముక్కు మూసుకున్నాడు గాని వెళ్ళిపోలేదు. తిరిగివచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఉంటే అమ్మ తువ్వాలు అందించింది. దానిని గురించి తరువాత మా ఇద్దరి మధ్యా మాట జరగలేదు.

ఆనాడు దోర్నాల, వినుకొండ మీదుగా కోటప్పకొండకు ప్రయాణం. అడవి దాటిన తరువాత ఎక్కడో మా అమ్మాయి పిలిచి వెనక్కు చూడమని సైగ చేసింది. అమ్మ బెల్టు పెట్టుకుని కూర్చుని, కదులుతున్న బండిలో చెంబెత్తి నీళ్ళు తాగుతున్నది. తాగి, చెంబు మనుమరాలికి ఇచ్చి, 'ఇంకాసిని పొయ్యవే' అన్నది. నేను ముందుకు తిరిగి కూర్చున్నాను. డ్రైవరు ఏమైంది సార్ అని అడిగితే, ఏమీ లేదు పోనీ అన్నాను.

కోటప్పకొండ దిగువన సాయంత్రపు ఎండలో బండి ఆపించి, తిరునాళ్ళకు తమ ఊరి బండ్లు విప్పే చోటు ఇదేనని అమ్మ చూపించింది. ఇప్పుడక్కడ దుకాణాలున్నవి. నరసరావుపేటలో పడిపోయిన మనిషి ఆమేనా అనిపించేటట్లు పిల్లలకు గంటసేపు కథలు చెప్పింది. మరి రెండు రోజులు సూర్యలంక సముద్రపు ఒడ్డున గడిపి ఇంటికి తిరిగివచ్చాము.

మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం నా బల్ల సొరుగులో ఉన్నది. పై అధికారులకు రాయవలసిన ఉత్తరం చిత్తుప్రతి కూడా సిద్ధమే. డబ్బు సంగతి ఇంకా తేలవలసి ఉన్నది. మొన్న ఆదివారం ఆ కొలతలు మరొకసారి సరిచూసుకుంటుంటే, అమ్మ వచ్చి పక్కన కూర్చుని కాసేపు విన్నది. విని, 'ఆ కిటికీ మరీ ఎత్తున పెట్టాడురా మీ మేస్త్రీ. నేను కూర్చుంటే రోడ్డు కనబడదు, చెట్ల తలలు కనబడతాయి. నాలుగంగుళాలు కిందికి దించమను' అన్నది.

మా అమ్మాయి నోటుపుస్తకంలో ఆ నాలుగంగుళాలు కూడా రాసుకున్నది.